గొట్టానికి చుట్టిన కాగితం కలవడం లేదా? తప్పు ప్రింటుదే

ప్రశ్న: మాది కర్నూలు సి.క్యాంపు. ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మావాడు ఎనిమిదో తరగతి. అమెరికాలో ఉన్న మా అన్న వాడికి మోడల్ రాకెట్ కిట్ పంపించాడు. పెట్టెలో అట్ట గొట్టాలు, చెక్క రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, పారాచూట్ అన్నీ ఉన్నాయి గానీ ఎలా బిగించాలో చెప్పే పుస్తకం లేదు. ఒక చీటీ మీద క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే ఫోన్‌లో వస్తోంది. ఫోన్ నాకు ఆర్డర్లకు కావాలి, వాడివేమో జిగురు చేతులు. నెట్ సెంటర్‌లో ప్రింటు తీయిస్తే, గొట్టానికి చుట్టమన్న కాగితం రెండు మిల్లీమీటర్లు తక్కువొచ్చింది. గొట్టం లావు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. షాపాయన 'అది అంతే వస్తుందమ్మా' అన్నాడు. కంపెనీకి రాస్తే అచ్చు పుస్తకం పంపుతారా? అంతా ఇంగ్లిష్‌లో ఉంది, మావాడు కొంతే అర్థం చేసుకుంటున్నాడు. ఇంజిన్ కూడా రాలేదు, ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, మీవాడి చేతిలో గానీ మీ టేపులో గానీ తప్పు లేదు. ఆ సందు ప్రింటర్‌లో పుట్టింది. సరిగ్గా తీస్తే ఆ కాగితం అంచుకు అంచు కలిసేలా వస్తుంది. గొట్టం లావు ఎంతో మీరు రాయడం మంచిదైంది, దాంతోనే లెక్క తేలిపోయింది.

ఈ కిట్ల కంపెనీలు ఎక్కువగా అమెరికావి. అక్కడ ఇళ్లలో, ఆఫీసుల్లో వాడేది మన ఏ4 కాగితం కాదు, లెటర్ సైజు. దాని వెడల్పు 216 మిల్లీమీటర్లు, పొడవు 279. మన ఏ4 వెడల్పు 210, పొడవు 297. మనది కాస్త సన్నం, కాస్త పొడుగు. లెటర్ పేజీని ఏ4 మీద తీయమంటే, వెడల్పు పట్టడం కోసం కంప్యూటర్ మనల్ని అడక్కుండానే పేజీ మొత్తాన్ని కుదించేస్తుంది. 216ను 210లో ఇరికిస్తే నూటికి 97 వంతులే మిగులుతుంది. మీరు చెప్పిన లావుకు దగ్గరగా కిట్లలో ఎక్కువగా వాడే గొట్టం వ్యాసం 24.8 మిల్లీమీటర్లు, చుట్టుకొలత దాదాపు 78. అందులో నూటికి మూడు వంతులు పోతే 76 కూడా ఉండదు. మీకు సందుగా కనబడింది ఆ పోయిన రెండు మిల్లీమీటర్లే.

మీకు ఇది నేను చెప్పక్కర్లేదు. పేపర్ కటింగ్ నూటికి మూడు వంతులు చిన్నదైతే 36 సైజు బ్లౌజు 35కే వస్తుంది, తొడుక్కునే మనిషికి పట్టదు. రాకెట్ కాగితం కూడా అలాంటిదే. అది చదివి పక్కన పెట్టేది కాదు, దాంతోనే కొలుస్తారు, దాంతోనే కోస్తారు. అందుకే ఫోన్‌లో చూసి చేసుకోవచ్చు కదా అనే వాళ్లతో నేను ఒప్పుకోను. ఫోన్ తెర మీద బొమ్మ కనబడుతుంది, దాన్ని గొట్టానికి చుట్టలేం. మీరు కాగితం కోసం పట్టుబట్టడం సరైన పనే.

ఆ కాస్త తేడాతో ఏమవుతుందో మీవాడికి చూపించండి, వాడికి లెక్కల్లో ఇదో మంచి అభ్యాసం. మూడు రెక్కల రాకెట్ అయితే, రెక్కలు అంటించే చోటు చూపే గీతలు గొట్టం చుట్టూ 26 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున పడాలి, ఒక్కో రెక్క మధ్య 120 డిగ్రీలు. మీ దగ్గరున్న ప్రింటుతో గీస్తే రెండు చోట్ల 25 పైచిలుకు, మూడో చోట 27 పైన వస్తుంది. డిగ్రీల్లో చూస్తే రెండు చోట్ల 117, మూడో చోట 126. వెనక నుంచి చూస్తే కంటికే తెలిసిపోతుంది. రెక్క నమూనా కూడా అదే ప్రింటులో ఉంటే, పొడవు వెడల్పు రెండూ తగ్గి రెక్క వైశాల్యం నూటికి ఐదారు వంతులు పోతుంది. రాకెట్‌ను తిన్నగా నిలబెట్టేవి ఆ రెక్కలే, వాటిని చిన్నవి చేయకూడదు.

ఇంకొకటుంది, చాలామంది గమనించరు. పారాచూట్‌ను గొట్టానికి కట్టి ఉంచే రబ్బరు తాడును షాక్ కార్డ్ అంటారు. చాలా కిట్లలో ఆ తాడును గొట్టం లోపల అంటించడానికి ఒక చిన్న కాగితం ముక్క ఉంటుంది. అది సూచనల పేజీ మీదే అచ్చై ఉంటుంది. దాన్ని కత్తిరించి, తాడు కొసను మధ్యలో పెట్టి, జిగురు రాస్తూ మూడు మడతలు వేసి, గొట్టం లోపలి గోడకు అదిమి పట్టుకోవాలి. ముక్కు లోపలికి ఎంతవరకు దిగుతుందో చూసుకుని అంతకంటే కిందికి అంటించాలి, లేకపోతే ముక్కు దానికి తగిలి ఆగిపోతుంది. అంటే ఆ పేజీలో ఒక ముక్క రాకెట్‌లో భాగమైపోతుంది. కాబట్టి ఎప్పుడూ రెండు కాపీలు తీయించండి. ఒకటి చదవడానికి, ఇంకొకటి కోయడానికి. మామూలు జిరాక్స్ కాగితమే కావాలి. బాగుంటుందని ఫొటో కాగితం మీద తీయిస్తే దాని నున్నటి వైపు జిగురు ఇంకదు.

ఇప్పుడు ప్రింటు సంగతి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పంపారా? అలా అయితే అసలు సైజు అక్కడే పోయింది. స్క్రీన్‌షాట్ ఒట్టి ఫొటో, ఎన్ని అంగుళాల కాగితమో దానికి తెలియదు. ఆ పేజీలో డౌన్‌లోడ్ గుర్తు వెతికి పీడీఎఫ్ ఫైల్‌ను ఫోన్‌లోకి దించుకోండి. వాట్సాప్‌లో షాపుకి పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. షాపులో ప్రింట్ అని నొక్కగానే ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో 'ఫిట్' అని ఉంటే అదే మన శత్రువు. 'ష్రింక్ ఓవర్‌సైజ్డ్ పేజెస్' అని ఇంకోటి ఉంటుంది, అదీ కుదించేదే. 'యాక్చువల్ సైజ్' ఎంచుకోమనండి. బ్రౌజర్ నుంచే తీస్తుంటే 'స్కేల్' దగ్గర కస్టమ్ పెట్టి 100 అని కొట్టించండి. అలా తీస్తే ఎడమ, కుడి అంచుల్లో మూడేసి మిల్లీమీటర్లు కాగితం బయటికి పోతాయి. అక్కడ సాధారణంగా ఖాళీ మార్జినే ఉంటుంది కాబట్టి నష్టం లేదు.

షాపాయనకు తొందరగా ఉంటే ఇవన్నీ మార్చడానికి విసుక్కుంటాడు. జనం తక్కువగా ఉండే వేళ వెళ్లండి. ఇంకా మంచిది, ఇంటి ప్లాన్లు, ఇంజినీరింగ్ విద్యార్థుల డ్రాయింగులు తీసే షాపుకు వెళ్లడం. ప్లాన్‌లో స్కేల్ తప్పితే గొడవైపోతుందని వాళ్లకు తెలుసు. 'హండ్రెడ్ పర్సెంట్, ఫిట్ వద్దు' అంటే చాలు, ఇంక వివరించక్కర్లేదు. మొదట ఒక్క పేజీ తీయించి, అక్కడే కౌంటర్ దగ్గర టేపు పెట్టి చూడండి. చాలా ఫైళ్లలో ఒక అంగుళం గీత గానీ చిన్న స్కేలు గానీ అచ్చై ఉంటుంది. ఆ అంగుళం మీ టేపులో అంగుళమే చూపాలి. అలాంటి గీత లేకపోతే గొట్టాన్నే సంచిలో వేసుకుని వెళ్లండి. చుట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది. సరిగ్గా వచ్చిన కాపీని మళ్లీ జిరాక్స్ తీయించవద్దు, మిషన్ మళ్లీ కాస్త మార్చేస్తుంది. రెండో కాపీ కూడా కంప్యూటర్ నుంచే తీయించండి.

పాత కిట్ల కాగితాలు కొన్ని లెటర్ కాదు, దానికి రెట్టింపు, 11 అంగుళాలు 17 అంగుళాలు ఉంటాయి. మన ఏ3 దానికి దగ్గరగా ఉంటుంది గానీ పొడవులో 12 మిల్లీమీటర్లు చాలదు. అప్పుడు 'పోస్టర్' అనే ఆప్షన్‌తో రెండు కాగితాల మీద ముక్కలుగా తీసి అతికించుకోవాలి. మీది కొత్త కిట్ కాబట్టి ఆ బాధ ఉండకపోవచ్చు.

కంపెనీకి రాయవచ్చు, తప్పేమీ లేదు. ఎస్టెస్ లాంటి పెద్ద కంపెనీలు తమ కిట్ల సూచనలను పీడీఎఫ్‌లుగా వెబ్‌సైట్‌లోనే ఉంచుతాయి. మీ కిట్ ఏ కంపెనీదైనా, పెట్టె మీద ఉన్న కిట్ పేరు, నంబర్ రెండూ రాసి అడగండి. ఒకే పేరుతో వేర్వేరు కాలాల్లో వేర్వేరు కిట్లు వచ్చి ఉంటాయి, నంబర్ లేకపోతే పాతదాని కాగితం పంపే ప్రమాదం ఉంది. అచ్చు పుస్తకం పోస్టులో రావడం కోసం మాత్రం ఎదురుచూడకండి. అక్కడి నుంచి ఇక్కడికి పోస్టు ఖర్చే ఎక్కువ, వచ్చేసరికి పిల్లవాడి ఉత్సాహం చల్లారిపోతుంది. అంతకంటే సులువు మీ అన్నకు చెప్పడం. ఆయన దగ్గరుండేది లెటర్ కాగితమే కాబట్టి కుదించే గొడవే రాదు. రెండు కాపీలు తీసి, ఇటు వచ్చే వాళ్ల చేత పంపమనండి. ఈలోపు మీవాడి పని ఆగనక్కర్లేదు.

ఎందుకంటే రెక్కల గీతలకు ప్రింటు లేకపోయినా పని జరుగుతుంది. ఒక సన్నటి కాగితం పట్టీ కత్తిరించి గొట్టానికి బిగుతుగా చుట్టండి. కొస ఎక్కడ కలిసిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, విప్పి బల్ల మీద పరిచి, ఆ పొడవును మూడు సమభాగాలు చేయండి. నాలుగు రెక్కలైతే నాలుగు. మళ్లీ చుట్టి గుర్తులను గొట్టం మీదికి దించితే అయిపోయింది. గొట్టం ఎంత ఉంటే పట్టీ అంతే కాబట్టి ఏ కాగితం సైజూ అడ్డు రాదు. నన్నడిగితే ప్రింటు సరిగ్గా వచ్చినా సరే, ఈ పట్టీతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. ఇక గుర్తుల నుంచి గొట్టం పొడవునా తిన్నగా గీత గీయాలంటే, గుండ్రటి దాని మీద స్కేలు నిలవదు. గొట్టాన్ని తలుపు ద్వారబంధం మూలలో ఆనించి, ఆ చెక్క అంచు వెంబడి పెన్సిల్ లాగితే గీత వంకర పోదు.

ఇంగ్లిష్ గురించి దిగులు పడకండి. ఈ కాగితాల్లో మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. చదివే కాపీ మీద మీవాడి చేతే ప్రతి బొమ్మ పక్కన తెలుగులో రాయించండి. నోస్ కోన్ ముక్కు, బాడీ ట్యూబ్ పెద్ద గొట్టం, ఫిన్ రెక్క. సెంటరింగ్ రింగ్ అంటే ఇంజిన్ పట్టే చిన్న గొట్టాన్ని పెద్ద గొట్టం మధ్యలో నిలబెట్టే అట్ట చక్రం. లాంచ్ లగ్ అంటే రాకెట్ పక్కన అంటించే స్ట్రా లాంటి సన్న గొట్టం. ఎగిరేటప్పుడు మొదట్లో పక్కకు వాలిపోకుండా నిలబెట్టిన ఇనుప చువ్వ అందులోంచి పోతుంది. మొదలుపెట్టే ముందే ముక్కలన్నీ ఒక గుడ్డ మీద పరిచి, మొదటి పేజీలోని జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసి టిక్ పెట్టించండి. కొలతలు అంగుళాల్లో ఉంటే మీ టేపు వాడికివ్వండి.

రెండు చోట్ల మాత్రం మీరు పక్కన ఉండండి. బాల్సా అనే తేలిక చెక్క పలక మీద రెక్కలు సొంతంగా కోసుకోవాల్సి వస్తే, చెక్క పోగు రెక్క ముందు అంచు వెంబడి పోవాలి. బట్టకు పోగు చూసి కోసినట్టే. పోగు అడ్డంగా వస్తే రెక్క నేలకు తగిలిన మొదటిసారే విరుగుతుంది. రెండోది జిగురు. కాగితంలో వుడ్ గ్లూ అనో వైట్ గ్లూ అనో ఉంటుంది, మన ఫెవికాల్ దానికి సరిపోతుంది. రెక్క అంచుకు పల్చగా రాసి, గొట్టానికి ఒకసారి అద్ది తీసేసి, కాసేపు ఆరనిచ్చి, మళ్లీ కాస్త రాసి అంటిస్తే గట్టిగా పట్టుకుంటుంది. మన ఎండలకు, ఫ్యాను గాలికి ఫెవికాల్ పైపైన తొందరగా ఆరినట్టు కనబడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. రాత్రంతా కదపవద్దని వాడికి గట్టిగా చెప్పండి.

ఇంజిన్ దగ్గరికి వస్తే నా మాట సూటిగా వినండి. అది పంపకపోవడం మీ అన్న చేసిన మంచి పని. మోడల్ రాకెట్ ఇంజిన్‌లో ఉండేది మందుగుండు. అమెరికాలోనే దాన్ని ప్రయాణికుల విమానంలో చేతి సంచిలో గానీ, సూట్‌కేసులో గానీ పెట్టనివ్వరు. మన దగ్గర పేలుడు పదార్థాలకు 1884 నాటి చట్టం, 2008 నాటి నియమాలు ఉన్నాయి. వాటి అమలు చూసేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో సంస్థ. తర్వాతి రాకపోకల్లో ఎవరి చేతనైనా ఒకటి తెప్పించుకుందాం అని అసలు అనుకోకండి. తెచ్చే మనిషి ఇరుక్కుంటాడు.

దానికంటే ముఖ్యమైనది, దీపావళి మందు విప్పి గొట్టంలో కూరే ఆలోచన మీవాడికి గానీ, వాడి స్నేహితులకు గానీ రానివ్వవద్దు. ఈ అభిరుచి పుట్టిందే ఆ ప్రమాదాన్ని ఆపడానికి. 1950ల్లో అమెరికాలో కుర్రాళ్లు ఇనుప గొట్టాల్లో మందు తామే కలిపి నింపి వేళ్లు, కళ్లు పోగొట్టుకునేవారు. నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ 1954లో కాగితం, బాల్సా చెక్కతో రాకెట్ చేసి, పారాచూట్‌తో దిగేలా, మళ్లీ ఎగరేసుకునేలా తయారు చేశాడు. 1957లో హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజినీరు రాసిన వ్యాసం చదివి ఆయనకు తన నమూనాలు పంపాడు. మరుసటి సంవత్సరం వెర్నాన్ ఎస్టెస్ ఇంజిన్లు తయారు చేసే యంత్రాన్నే కట్టాడు. మందు జోలికి పిల్లలు పోకూడదు, అది ఫ్యాక్టరీ పని. పిల్లలు చేయాల్సింది కాగితం, చెక్క, జిగురుతో. అదే అప్పటి నుంచి నియమం. మీవాడు ఇప్పుడు చేస్తున్నది అందులో అసలైన సగం, ఇంజిన్ లేదని అది తక్కువ కాదు.

ఇంజిన్ లేకుండానే ఆ రాకెట్ తిన్నగా ఎగురుతుందో లేదో తెలుసుకోవచ్చు. మీ గొట్టం కొలతను బట్టి లోపలి చిన్న గొట్టం 18 మిల్లీమీటర్ల ఇంజిన్‌కు అయ్యుండాలి, సూచనల మొదటి పేజీలో రాసి ఉంటుంది చూసుకోండి. అలాంటి ఇంజిన్ పొడవు 70 మిల్లీమీటర్లు, పెద్ద రకమైతే బరువు 24 గ్రాముల దాకా ఉంటుంది. అదే సైజులో కాగితం చుట్ట చేసి, లోపల పొడి ఇసుక నింపి రెండు కొసలూ మూస్తే దాదాపు ఆ బరువే వస్తుంది. దాన్ని ఇంజిన్ చోట పెట్టి, పారాచూట్ మడిచి లోపల సర్ది, రాకెట్ వేలి మీద ఎక్కడ సమంగా నిలుస్తుందో అక్కడ దారం కట్టాలి. ఆ దారాన్ని బారెడు పైన వదిలి, మేడ మీద ఎవరూ దగ్గర లేకుండా తల చుట్టూ తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి పోతే రెక్కలు తమ పని చేస్తున్నట్టు. తోక ముందుకు వచ్చినా, అడ్డంగా పడినా ముక్కులో కాస్త మైనం బరువు పెట్టి మళ్లీ చూడాలి. అప్పుడు మీరు ప్రింటు దగ్గర పడిన శ్రమ ఎందుకో వాడికే అర్థమవుతుంది.

నిజంగా ఎగరేయాలనే కోరిక వాడికి ఉంటుంది, ఉండాలి కూడా. స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో అడగండి, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం పెట్టినవి అవి. ఉంటే సైన్స్ టీచర్‌కు ఈ రాకెట్ చూపించమనండి. పెద్దయ్యాక ఇంజినీరింగ్‌లో చేరితే కాలేజీ విద్యార్థుల మోడల్ రాకెట్ పోటీలు ఉన్నాయి, అక్కడ అనుమతులతో, నిపుణుల ఎదుటే ఎగరేస్తారు. ఇప్పటికి మీ ఇద్దరికీ సరిపోయేది నీటి రాకెట్. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బిరడా గుండా సైకిల్ పంపుతో గాలి కొట్టి వదలడం. పెద్ద ఖాళీ మైదానంలో, మీరు పక్కన ఉండి, అందరూ దూరంగా నిలబడ్డాకే. ఓర్వకల్లు వైపు మాత్రం వద్దు, అక్కడ విమానాశ్రయం ఉంది. డీఆర్‌డీవో వారి పరీక్షా ప్రాంగణం కూడా కర్నూలు దగ్గరే ఉంది.

నీటి రాకెట్‌కు రెక్కలు కావాలంటే మళ్లీ ఆ పీడీఎఫే పనికొస్తుంది. ఈసారి స్కేల్ దగ్గర 100 కాకుండా 300 పెట్టించి, పోస్టర్ ఆప్షన్‌తో రెక్క ఉన్న ముక్కలు మాత్రం తీయించండి. ఫ్లెక్సీ షాపుల్లో మిగిలిన ఫోమ్ షీట్ ముక్కలు అడిగితే ఇస్తారు. వాటి మీద ఆ నమూనా పెట్టి కోయడం మీకు చిటికెలో పని, సీసాకు అంటించే పని వాడికి వదిలేయండి.